కాకి బంగారం



గత నెల ఈ శీర్షికలో మన మంగంపేట ముగ్గురాయిని గూర్చి వ్రాశాను. ఈ నెల బలపం రాయిని గూర్చి వ్రాయాలనుకున్నాను గాని, ఈ మధ్య జరిగిన ఒక సంగతి నా మనసు మార్చింది. అది మీలో ఎవరి ఇంటనైనా జరగవచ్చు గనుక ముందు దానినే చెబుతాను.

పోయిన ముంగారులో ఒక ఆదివారం ఆరాధన ముగిసి అందరూ వెళ్లిపోయారు. పత్తికొండ అవతల ఒక పల్లె నుండి వచ్చే పెద్దాయన ఒక్కడు మాత్రం గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. మూడెకరాల మెట్ట, ఇద్దరు కొడుకులు, ఎండిపోయిన రెండు బోర్లు. ఆయనకున్నది అంతే.

"అయ్యగారూ, తలుపు ఒకరవ్వ దగ్గరికి వేయండి" అన్నాడు. వేశాను. భుజం మీది తువ్వాలు కొనకు కట్టిన ముడి విప్పాడు. గుప్పెడు గరుసు ఇసుక. అందులో పసుపుపచ్చగా మిలమిల మెరిసే రేకులు.

"మా చేను పక్క వంకలో దొరికినాది. బంగారమంట."

"ఎవరు చెప్పినారు పెద్దాయనా?"

"టౌను నుంచి ఒకాయన వచ్చినాడు. పరీక్ష చేపిచ్చి, పర్మిట్టు తెప్పిస్తానన్నాడు. ఖర్చులకు నలభై వేలంట. మా యమ్మి కమ్మలు కుదవ పెట్టి పదైదు వేలు ఇచ్చినా. మిగతాది బుధవారం ఇయ్యల్ల. చేను కాగితాలు ఇస్తే ఆ డబ్బూ తానే సర్దుకుంటానన్నాడు."

దాచకుండా చెబుతాను, ఆ రేకులను కిటికీ వెలుతురులో చూడగానే నా గుండె కూడా ఒకసారి ఝల్లుమంది. మరుక్షణం అవి ఏమిటో నాకు తెలిసింది. అయినా "ఇది బంగారం కాదు" అనే మాట వెంటనే నా నోట రాలేదు. ఎందుకంటే మూడేళ్ల క్రితం ఇలాగే ఒక యువకుడు వస్తే, "కాకి బంగారంలే నాయనా, పారెయ్" అని నవ్వి పంపాను. అతడు నా మాట నమ్మలేదు. నమ్మేలా నేను ఏమి చూపించాను గనుక? ఇంటికి పోయి జత ఎద్దులను అమ్మి ఎవరికో ఇచ్చుకున్నాడు. ఆ తప్పులో నా పాలు కూడా ఉంది. అందుచేత ఈసారి మాట చెప్పలేదు. "రండి, ఇద్దరమూ కలిసి చూద్దాం" అన్నాను. ఆ మధ్యాహ్నం మేము చేసినదే ఇప్పుడు మీకు వివరంగా చెబుతున్నాను.

అసలు ఇదేమిటి?

మన పెద్దలు కాకి బంగారం అని పిలిచేది అభ్రకమనే ఖనిజం. సంస్కృతంలో అభ్రమంటే మేఘం. ఇంగ్లీషువారు దీనిని మైకా అంటారు. ఇస్త్రీపెట్టె విప్పి చూసినవారికి తెలుసు. లోపల తీగ చుట్టి ఉండే గాజులాంటి పలుచని రేకు ఇదే. వేడికి మాడదు, కరెంటును తన గుండా పోనివ్వదు.

అభ్రకం ఒకే ఖనిజం కాదు, ఒక కుటుంబం. మనకు ఎక్కువగా కనిపించేవి రెండు. మొదటిది తెల్ల అభ్రకం, దాని పేరు మస్కోవైటు. వెండిలా, లేదా లేత ఆకుపచ్చగా, ఒక్కోసారి కెంపు ఛాయతో ఉంటుంది. పలుచని రేకు తీస్తే దాదాపు రంగే ఉండదు, అవతలి అక్షరాలు చదవవచ్చు. పూర్వం రష్యాలో కిటికీలకు గాజు బదులు దీనిని వాడేవారు. మస్కోవీ అనేది ఆ దేశానికి పాత పేరు. ఖనిజానికి పేరు అలా వచ్చింది. రెండవది నల్ల అభ్రకం, బయోటైటు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్ బాప్టిస్టు బియో గౌరవార్థం 1847లో దీనికి ఈ పేరు పెట్టారు. ఇందులో ఇనుము, మెగ్నీషియం ఉంటాయి గనుక నల్లగానో ముదురు గోధుమరంగులోనో ఉంటుంది.

మరి నల్లనిది పసుపుగా ఎలా మారింది? మన గ్రానైటు బండల్లో చిన్న చిన్న నల్లని మెరుపు చుక్కలు చూశారు కదా, వాటిలో చాలావరకు నల్ల అభ్రకమే. ఎండకు, వానకు ఆ బండ పైపొర కుళ్లి గరుసుగా రాలుతుంది. అప్పుడు రేకులోని ఇనుము మెల్లగా తుప్పు పడుతుంది, పొరల నడుమ నున్న పొటాషియం వెళ్లిపోయి నీరు చేరుతుంది. రేకు నలుపు విరిగి కంచు రంగుకు, ఆపైన అచ్చం బంగారు ఛాయకు వస్తుంది. వానకు ఇసుక కడుక్కుపోయినప్పుడు వంకలో పైకి తేలి మెరుస్తుంది. కాకి బంగారం పుట్టుక ఇదే. ఎవరూ మోసం కోసం చేసింది కాదు, మోసం చేసేది మనుషులే.

పొరల రహస్యం

అభ్రకాన్ని గుర్తించడానికి అన్నిటికంటె గట్టి గుర్తు దాని పొరలు. అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్ కలిసి విడదీయరాని పలకలుగా అల్లుకొని ఉంటాయి. పలకకూ పలకకూ నడుమ పొటాషియం మాత్రం బలహీనంగా పట్టుకొని ఉంటుంది. అందువల్ల గోరు దూర్చినా పొర పొరగా విడిపోతుంది, అడ్డంగా మాత్రం సులభంగా విరగదు. గనుల్లో పెద్ద స్ఫటికాన్ని పుస్తకమనే అంటారు. మీ బైబిలు అట్ట మూసి అంచు వైపు నుండి చూడండి, అభ్రకపు ముక్క అంచు అలాగే కనిపిస్తుంది. చెయ్యి తిరిగిన పనివారు మిల్లీమీటరులో యాభయ్యో వంతు మందం గల రేకులు తీయగలరు. చెక్కుచెదరని స్ఫటికమైతే దాని చుట్టు ఆరు మూలలు ఉంటాయి.

ఇంటి దగ్గర చేసుకోదగిన పరీక్షలు

దీనికి ప్రయోగశాల అక్కరలేదు. ఒక పళ్లెం, సూది, సుత్తి, నీళ్లు చాలు.

1. నీడ పరీక్ష: ముక్కను ఎండలో చూసి, తరువాత నీడలోకి తెచ్చి అటూ ఇటూ తిప్పండి. అభ్రకం ఒక వాలులో తళుక్కుమని, మరో వాలులో మసిబారినట్టు కనిపిస్తుంది. బంగారం ఏ వైపు తిప్పినా, నీడలోనైనా, అదే పసుపు. ఇది మొదటి మెట్టు.

2. సూది పరీక్ష: రేకు మీద సూదిమొన పెట్టి నొక్కండి. బంగారమైతే సొట్ట పడుతుంది, విరగదు. అభ్రకమైతే పొరలుగా లేస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. మెత్తదనాన్ని బట్టి మాత్రం తీర్పు చెప్పకండి. గీత పడే గుణాన్ని 1 నుండి 10 వరకు లెక్కిస్తారు. అందులో తెల్ల అభ్రకం 2 నుండి 2.5, బంగారం 2.5 నుండి 3. అంటే రెండూ ఇంచుమించు ఒక్కటే. "చాకుతో గీస్తే గీత పడింది గనుక బంగారమే" అని మాయమాటలు చెప్పేవారు ఈ సంగతినే వాడుకుంటారు.

3. వంపు పరీక్ష: కొంచెం పెద్ద రేకు దొరికితే వేళ్ల మధ్య వంచి వదలండి. తాజా అభ్రకం స్ప్రింగులాగా మళ్లీ తిన్నగా నిలుస్తుంది. బంగారు రేకు వంచితే వంగినట్టే ఉండిపోతుంది. బేతంచెర్ల వైపు దొరికే బలపం రాయి జాతి పొరలు కూడా వంగుతాయి గాని తిరిగి లేవవు. పైగా అవి సబ్బులాగా జారుతాయి, గోటితో గీత పడతాయి.

4. సుత్తి పరీక్ష: బండ మీద పెట్టి మెల్లగా కొట్టండి. బంగారం సాగి పలుచబడుతుంది. అభ్రకం తునకలై రేగుతుంది. ఇనుము, గంధకం కలిసిన పైరైటు అనే ఇత్తడిరంగు రాయి నల్లని పొడి అవుతుంది. కాలిస్తే దానికి గంధకపు వాసన వస్తుంది. పైరైటు సూదికి లొంగదు, దాని గట్టితనం 6కు పైమాటే.

5. పళ్లెం పరీక్ష: ఇది అన్నిటికంటె నమ్మదగింది. వెడల్పాటి పళ్లెంలో ఇసుక వేసి, నీళ్లు పోసి, బియ్యం గాలించినట్టు మెల్లగా తిప్పండి. నీటితో పోల్చితే తెల్ల అభ్రకం బరువు సుమారు 2.8 రెట్లు, నల్లది 2.7 నుండి 3.3 రెట్లు. బంగారం 19.3 రెట్లు. గనుక అభ్రకం నీటితోపాటు ఆడుతూ అంచు మీదికి వచ్చి జారిపోతుంది. బంగారం రవ్వంతైనా సరే, పళ్లెం అడుగును పట్టుకొని కదలదు. ముగ్గురాయిని చేతిలో పట్టినవారికి బరువు మాట చెప్పనక్కరలేదు. అది 4.5 రెట్లు ఉంటేనే అంత భారంగా తోస్తుంది, మరి బంగారం ఎంత?

6. గీటురాయి: ఇంకా అనుమానం తీరకపోతే నమ్మకమైన కంసాలి దగ్గరకు వెళ్లండి. గీటురాయి మీద బంగారం పచ్చని గీత వదులుతుంది. అభ్రకం తెల్లని పొడి తప్ప ఏమీ వదలదు. ఆమ్లపు పరీక్ష ఆయన చేయవలసినదే, మీరు ఇంట్లో చేయకండి. చేయి కాలుతుంది, పిల్లలుండే ఇల్లు.

పెద్ద రేకు దొరికితే పిల్లలకు ఒక వింత చూపండి. రేకును మెత్తని అట్ట మీద పరచి, మొద్దుమొన గల సూదిని నిలిపి ఒక్క దెబ్బ వేయండి. దెబ్బ తగిలిన చోట ఆరు కిరణాల నక్షత్రంలాగా పగుళ్లు వస్తాయి. లోపలి అణువుల అమరిక ఆరు మూలలది గనుక పగులు కూడా ఆ దారినే పోతుంది.

మన పూర్వ వైద్యులకు కూడా వారి పరీక్ష ఒకటుంది. అభ్రక భస్మం చేసేవారు ముక్కను నిప్పులో వేసి చూసేవారు. పొరలు విప్పుకొనేది పినాకం, కప్పలాగా ఎగిరేది దర్దురం, పాములాగా బుసకొట్టేది నాగం, ఏ మార్పూ లేకుండా నిలిచేది వజ్రం అని నాలుగు జాతులుగా విభజించి, చివరిదానినే మందుకు తీసుకొనేవారు. లోపల నీరు చేరిన అభ్రకం నిప్పు తగిలితే ఆవిరి పుట్టి పొంగుతుందని నేడు మనకు తెలుసు. వారు పేర్లు వేరుగా పెట్టినా గమనించింది నిజమే. ఇది చదివి ఎవరూ వంకలో ఏరిన రేకులను నూరి మందని మింగవద్దు.

వెలికొండల అవతల

కాకి బంగారమని తేలికగా తీసివేస్తున్నాను గాని, ఈ అభ్రకమే మన పొరుగువారికి అన్నం పెట్టింది. చిట్వేలి నుండి ఘాటు దారిలో వెలికొండలు దాటితే రాపూరు. అక్కడి నుండి సైదాపురం, గూడూరు వైపంతా పాత నెల్లూరు జిల్లా అభ్రకపు నేల. ఉత్తరాన ఆత్మకూరు, కావలి వరకూ ఆ పట్టీ సాగుతుంది. పూర్వం భూమి లోతుల్లో కరిగిన శిల పగుళ్లలోకి చొరబడి, నింపాదిగా చల్లారినందువల్ల అక్కడ స్ఫటికాలు పెద్దవిగా పెరిగాయి. ఆ శిలను పెగ్మటైటు అంటారు. పలుగురాయి, ఫెల్‌స్పారు, అభ్రకం మూడూ అందులో కలిసి ఉంటాయి.

అక్కడి ఇనికుర్తి గనిలో అడ్డం 10 అడుగులు, పొరల మీద పొరలుగా 15 అడుగులు గల అభ్రకపు స్ఫటికం దొరికింది. మన పల్లెల్లో ఒక గది కంటె పెద్దది! ప్రపంచంలో తెలిసిన మిక్కిలి పెద్ద అభ్రకపు స్ఫటికాలలో అదొకటి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థవారైన టి. హెచ్. హాలండ్ మన దేశపు అభ్రకాన్ని గూర్చి 1902లో ప్రత్యేకంగా ఒక గ్రంథమే వెలువరించారు. నెల్లూరు సరుకులో లేత ఆకుపచ్చ రకానికి పేరు. రేకు అంచులను బీహారులో కొడవలితో చెక్కేవారు, నెల్లూరులో కత్తెరతో కత్తిరించేవారు. రేడియో కండెన్సర్లకు, విద్యుత్ యంత్రాలకు ఇది లేకుండా గడవని రోజుల్లో, ముఖ్యంగా రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, దేశదేశాలు ఇండియా అభ్రకం కోసం ఎదురు చూశాయి. గని కార్మికుల సంక్షేమ నిధి కోసం 1946లో చట్టం కూడా వచ్చింది.

తరువాత వాల్వుల రేడియోలు పోయి ట్రాన్సిస్టర్లు వచ్చాయి. ప్లాస్టిక్కులు వచ్చాయి. పెద్ద కొనుగోలుదారైన సోవియట్ యూనియన్ 1991లో చెదిరిపోయింది. గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. నేడు రేకు కంటె పొడికే గిరాకీ. రంగులకు, ముఖానికి పూసే సౌందర్య సామగ్రికి మెరుపు ఇచ్చేది ఈ పొడే. జార్ఖండులో పాత గనుల గుట్టల మీద చిన్న పిల్లలు ఈ తుక్కు ఏరుతున్నారనీ, గుంతలు కూలి కొందరు చనిపోయారనీ 2016లో పత్రికలు వెల్లడించాయి. మెరిసే వస్తువు కొనేటప్పుడు ఆ పిల్లలను కూడా జ్ఞాపకం చేసుకుందాం.

మన నేల సంగతి

పాత కర్నూలు, కడప జిల్లాలలో చాలా భాగం నీటి అడుగున పేరుకొన్న పొరల రాళ్లు. కడప నల్లబండ, సున్నపురాయి, పలక వంటివి. వీటిలో పెద్ద అభ్రకపు రేకులు వెదకి లాభం లేదు. పడమట పత్తికొండ, ఆలూరు, ఆదోని వైపు, దక్షిణాన రాయచోటి వైపు గ్రానైటు జాతి బండలున్నాయి. వంకల్లో మెరిసేది అక్కడే.

చిక్కంతా ఎక్కడంటే, ఆ పత్తికొండ వైపే జొన్నగిరి ఉంది. అక్కడ బంగారు నిక్షేపాలు ఉన్నమాట నిజం. తుగ్గలి, జొన్నగిరి చేలలో తొలకరి వానలకు వజ్రాలు వెదకడానికి జనం గుంపులుగా వచ్చేదీ నిజం. నిజం పక్కనే అబద్ధం నిలబడితే గుర్తించడం కష్టం. అయితే జొన్నగిరి వంటి చోట కూడా టన్ను రాయిలో ఉండే బంగారం కొద్ది గ్రాములే. అది సాధారణంగా కంటికి కనబడదు, రాయిని పొడిచేసి రసాయనాలతో తీయాలి. గుప్పెడు ఇసుకలో యాభై రేకులు మిలమిలలాడుతున్నాయంటే, అదే అనుమానించడానికి చాలిన కారణం.

చట్టం విషయం కూడా తెలుసుకోండి. పట్టా మన పేర ఉన్నంత మాత్రాన ఖనిజం తవ్వి అమ్మే హక్కు రాదు. 1957 నాటి గనుల చట్టం ప్రకారం అనుమతి కావాలి. 2015లో కేంద్ర ప్రభుత్వం అభ్రకాన్ని, ముగ్గురాయిని చిన్న తరహా ఖనిజాల జాబితాలో చేర్చింది, 2025 వరకు అవి ఆ జాబితాలో ఉండేవి. బంగారం ఆ జాబితాలో లేదు. పరీక్షకనీ పర్మిట్టుకనీ ఎవరైనా ఇంటికొచ్చి డబ్బడిగితే, సంతకానికి ముందు జిల్లా గనుల కార్యాలయానికి వెళ్లి అడగండి. బస్సు చార్జీ కంటె ఎక్కువ ఖర్చు కాదు.

ఇంకొక్క మాట. పొరలుగా కాక దారాలు దారాలుగా విడిపోయే మెరుపురాయి దొరికితే ముట్టకండి. అది పులివెందుల వైపు ఒకప్పుడు తవ్విన రాతినార కావచ్చు. ఆ నూగు ఊపిరితిత్తులలో చేరితే ఏళ్ల తరువాత ప్రాణం తీస్తుంది.

ఆ ఆదివారం సాయంత్రం

పెద్దాయనా నేనూ మందిరం వెనుక కుళాయి దగ్గర కూర్చున్నాం. మా ఇంటావిడ పళ్లెం తెచ్చి ఇచ్చింది. నేను తిప్పలేదు, ఆయన చేతికే ఇచ్చాను. రెండు చుట్లు తిప్పగానే పసుపు రేకులన్నీ నీటితో లేచి పళ్లెం అంచు దాటిపోయాయి. అడుగున నల్లని ఇసుక తప్ప ఏమీ మిగలలేదు. నా ఉంగరం తీసి పళ్లెంలో వేశాను. మళ్లీ తిప్పాడు. అది కదలలేదు.

చాలాసేపు ఆయన మాట్లాడలేదు. చివరికి "పదైదు వేలు పాయె" అన్నాడు.

"పాయె పెద్దాయనా. చేను మిగిలినాది" అన్నాను.

యోబు గ్రంథం 28వ అధ్యాయం మీలో చాలామంది చదివి ఉంటారు. మనిషి వెండి బంగారాల కోసం చీకట్లో భూమిని తొలుచుకుంటూ పోయే తీరును వర్ణించి, జ్ఞానం ఎక్కడ దొరుకుతుందని అడిగే అధ్యాయమది. ఆ సాయంత్రం దానిని గూర్చి నేను ప్రసంగమేమీ చేయలేదు. ఆయనకు అప్పుడు కావలసింది ప్రసంగం కాదు, పళ్లెంలో నీళ్లు.

బుధవారం ఆ టౌను మనిషి వచ్చాడట. పెద్దాయన అరుగు మీద పళ్లెం పెట్టుకొని, ఊరివారు నలుగురిని పిలిపించి, "రా అబ్బీ, నువ్వే తిప్పి చూపియ్" అన్నాడట. ఇప్పుడే వస్తానని బండి తీసుకొని వెళ్లిన మనిషి మళ్లీ రాలేదు. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చారు, డబ్బు మాత్రం ఇంకా తిరిగి రాలేదు. ఆ తల్లి కమ్మలు ఇంకా కుదవలోనే ఉన్నాయి. వేరుశనగ ఇంటికొస్తే విడిపిస్తానంటున్నాడు ఆయన. మూడేళ్ల క్రితం నేను నవ్వి పంపిన ఆ యువకుని ఇంటికి కూడా మొన్న వెళ్లాను. చేయవలసిన పని ఆలస్యంగానైనా చేశాను.

మీ ఇంటి పిల్లలు వంక నుండి మెరిసే రేకులు తెస్తే పారవేయమని కసరకండి. పళ్లెం, నీళ్లు ఇచ్చి తిప్పమనండి. మంచి రేకు దొరికితే పుస్తకంలో దాచుకోమనండి. ఈ రోజు ఆ ఆట నేర్చిన పిల్లవాడు రేపు పెద్దవాడై చేను కాగితం మీద సంతకం పెట్టేముందు ఒక్క క్షణం ఆగుతాడు.

వచ్చే నెల బలపం రాయితో కలుసుకుందాం. సెలవు.